ముల్లుకు మర్యాద నేర్పినవాడు

సిద్దిపేటలో మా కార్ల అడ్డా దగ్గర, చాయ్ హోటలు పక్కన, శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. అందులో మనిషి నిలువునా ఉన్నాడు. తెల్ల చొక్కా, పక్క పాపిడి, అద్దంలోకి చూసుకుంటున్నట్టు కాస్త వంచిన మెడ. పేరు పెద్ద అక్షరాల్లో వేశారు కాబట్టి నేను మళ్లీ రాయను. పేరు కింద ‘నిజాయితీకి మారుపేరు’ అని ఉంది. దాని కింద సంతాపం తెలుపుతున్నవారి ఫోటోలు గుండ్రంగా, రెండు వరుసల్లో ఉన్నాయి. కింది వరుసలో ఎడమ నుంచి మూడోది నాది.

నన్నెవరూ అడగలేదు. నా ఫోన్‌లో నేను పెట్టుకున్న ఫోటోనే తీసి అతికించారు.

చనిపోయినవాళ్ల గురించి చెడు మాట్లాడొద్దంటారు. సరే. కాని మంచి మాట్లాడేటప్పుడు నా మొహాన్ని సాక్ష్యంగా పెట్టుకునే హక్కు ఎవరిచ్చారు? ఆ ఫ్లెక్సీలో ఒక్క మాట తప్పు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అతను కార్ల వైరింగు మేస్త్రీ. అడ్డాకు ఎదురుగా రేకుల షెడ్డు. అందరూ మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. గ్రీజు పనిలో ఉండి తెల్ల చొక్కా వేసుకునే మనిషిని నేను అతన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. చొక్కాకు మరక అంటేది కాదు. బండిగలవాడి సీటు కవరుకు అంటేది.

ఏ రోగంతో బండి వచ్చినా ముందు డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. లోపలి అద్దం తనవైపు తిప్పుకుని మీసం చూసుకునేవాడు. తర్వాతే బండి సంగతి. అద్దాన్ని మళ్లీ ఉన్నట్టు పెట్టడం అతని పనిలో లేదు. ఆ షెడ్డు దాటి రోడ్డెక్కిన ప్రతి డ్రైవరుకూ వెనక వచ్చే లారీ బదులు తన మొహమే కనిపించేది. ఎన్నిసార్లు సర్దుకున్నానో ఆ అద్దాన్ని. సర్దుకున్న ప్రతిసారీ తిట్టుకున్నాను.

మీటరు అద్దం మీద ఉంగరం వేలి గోటితో రెండు దెబ్బలు కొట్టడం ఇంకో అలవాటు. ఎవరింటి తలుపో తట్టినట్టు మెల్లగా కొట్టేవాడు. పెట్రోలు ముల్లు గాని, వేడి ముల్లు గాని కదిలితే నవ్వేవాడు. “ముల్లుకు మర్యాద నేర్పాలె తమ్మీ. మనిషి ఎక్కి కూసున్నడంటే లేసి నిలబడాలె” అనేవాడు. ఈ మాట విన్నప్పుడల్లా అడ్డా నవ్వేది. నేనూ నవ్వాను, మొదట్లో.

‘ఇది నాకు తెల్వది’ అని అతని నోట నేను వినలేదు.

మంచి లేదా అంటే ఉంది. బ్యాటరీ దిగిపోయి నడి వానలో బండి ఆగిందంటే తొగుట దాకా అయినా స్కూటరు మీద వచ్చేవాడు. షెడ్డు ముందు కుక్కలకు పొద్దున్నే బన్ను రొట్టె తుంచి వేసేవాడు. ఇవి వదిలేస్తే లెక్క తప్పుతుంది, అందుకని చెబుతున్నాను. వీటిని కలుపుకున్నాక కూడా ఆ మాట తప్పే.

నేను చదివింది ఏడో తరగతి. కిరాయి కారు నడుపుతాను. టాంకీ నింపినప్పుడు మీటరు చూసుకోవడం, ఎన్ని కిలోమీటర్లకు ఎంత తాగిందో తీసుకోవడం నాకు నేనే నేర్చుకున్న విద్య. నా బండి లీటరుకు పదిహేను ఇచ్చేది. కొండపోచమ్మ దాకా అయినా కొమురవెల్లి దాకా అయినా పెద్ద తేడా ఉండేది కాదు. అడ్డా మీద నన్ను లెక్కల సారు అనేవాళ్లు. ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది.

అప్పట్లో నా పెట్రోలు ముల్లు వింతగా చేయడం మొదలుపెట్టింది. నిండు టాంకీ నిండుగానే చూపేది. సగం దాకా బుద్ధిగా దిగేది. సగం దాటగానే దభీమని సున్నాకు పడేది, లేచేది, మళ్లీ పడేది. పావుకు వచ్చాక మళ్లీ బుద్ధిమంతురాలు. నాలుగైదు టాంకీలు గమనించాను. ప్రతిసారీ అదే జాగ. వైరు వదులైతే గతుకు గతుకుకూ పడాలి కదా. ఒకే జాగలో పడుతున్నదంటే టాంకీ లోపల, ఆ జాగలో, ఏదో అరిగింది. ఇదే మేస్త్రీకి చెప్పాను.

“నువ్వు లెక్కలు చెయ్యి, నేను బండ్లు చేస్త” అన్నాడు. “ఇద్దరం ఒక్కటే పని చేస్తే ఎట్ల తమ్మీ?”

“రేపు మా ఇంటామెకు పరీక్ష ఉన్నది మేస్త్రీ. పొద్దుగూకేవరకు ఇయ్యాలె బండి.”

“ఇస్త పో. నీ పెండ్లాం కలెక్టరైతే నా బోర్డు ఇంగ్లీషుల రాపియ్యి.”

ఆమె రాయాల్సింది సర్కారు కొలువు పరీక్ష. పెళ్లయ్యాక, పిల్లలు బడికి వెళ్లాక, వంటింట్లో పొయ్యి పక్కన పుస్తకాలు పేర్చుకుని చదువుకుంది. వయసు పరిమితికి అదే ఆఖరి ఏడు. సెంటరు శామీర్‌పేట అవతల పడింది. నిమిషం ఆలస్యమైనా గేటు తీయరని హాల్ టికెట్ మీదే ఉంది.

సాయంత్రం ఇస్తానన్న బండి మేస్త్రీ పొద్దున ఇచ్చాడు. అప్పటికే మాకు టైము బిగుసుకుపోయింది. మా ఇంటామె ప్లాస్టిక్ కవరులో హాల్ టికెట్ పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను తాళం తిప్పాను. ముల్లు లేచి ముప్పావు దగ్గర నిలబడింది.

“ఇదేంది మేస్త్రీ? నా లెక్కల అయిదు లీటర్లే ఉండాలె.”

అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి గోటితో రెండు దెబ్బలు కొట్టాడు. ముల్లు కదల్లేదు.

“ముల్లు సూడనీకి నేనే పది లీటర్లు పోసిన తియ్. పైసలు మల్ల ఇస్తువు. మంచి పనికి పోతున్నరు, ఖుషీగ పొండ్రి.”

ఈ మాట మా ఇంటామె విన్నది. చాయ్ హోటలు యాదగిరి కూడా విన్నాడు. మేస్త్రీకి చాయ్ ఇవ్వడానికి వచ్చి గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

అయిదు, పది కలిపితే పదిహేను. దారి ఎనభై కిలోమీటర్లు. దారిలో రెండు పెట్రోలు బంకులు కళ్ల ముందే దాటాయి. ముల్లు సగానికి పైనే ఉంది. ప్రజ్ఞాపూర్ దాటి, హైదరాబాదు దారిలోని ములుగు దగ్గర పడుతుండగా ఇంజిన్ దగ్గింది, గుంజింది, ఆగింది. ముల్లు సగం మీద నిలబడే ఉంది. మనిషి ఎక్కి కూర్చున్నాడు కదా, మర్యాద నేర్చిన ముల్లు.

తర్వాత లెక్క వేశాను. టాంకీ అడుగున ఒక లీటరు ఇంజిన్‌కు అందదు. నేనన్న అయిదులో అది తీసేస్తే నాలుగు. నాలుగు పదిహేనులు అరవై. బండి ఆగింది కూడా ఇంచుమించు అరవై మీదే. నా లెక్క నిజమే. ఆ పది లీటర్లే పుట్టలేదు.

మా ఇంటామె బండి దిగింది. చెప్పులు చేతిలో పట్టుకుని డివైడరు దాటి, కూరగాయల ట్రాలీని ఆపి, వంకాయ బస్తాల మీద కూర్చుని వెళ్లింది. నేను డబ్బా పట్టుకుని బంకుకు పరిగెత్తాను. సెంటరుకు చేరేసరికి గేటు మూసి ఉంది. ఆమె బయట గోడకు ఆనుకుని నిలబడింది.

“ఇంకో ఇద్దరు ఉండె నా అసొంటోళ్లు” అన్నది బండెక్కుతూ. “ఒకామెకు చంటిపిల్ల ఏడ్శిందంట. ఒకామెకు బస్సు దొరకలేదంట. నన్నడిగితే ఏం చెప్పాలె? ముల్లు లేసి నిలబడ్డదని చెప్పాల్నా?”

ఆ వారంలోనే పుస్తకాలు పక్కింటి పిల్లకు ఇచ్చేసింది.

ఇంటికొచ్చి వెనక సీటు ఎత్తాను. కింద టాంకీ మూత ఉంటుంది. మూత తీసి లోపలి సామాను బయటికి తీశాను. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పెట్రోలు మీద ఒక ఫ్లోటు తేలుతుంది. దానికి సన్నని కడ్డీ ఉంటుంది. పెట్రోలు దిగితే ఫ్లోటు దిగుతుంది, కడ్డీ రెండో కొస చిన్న పట్టీ మీద రాసుకుంటూ జరుగుతుంది. అది పట్టీ మీద ఎక్కడ ఉంటే ముల్లు అక్కడ నిలబడుతుంది. నా బండిలో పట్టీ నడుమ కొంచెం అరిగిపోయింది. సగానికీ పావుకీ మధ్య. నేను చెప్పిన జాగే.

పట్టీ మార్చాలి. మేస్త్రీ మార్చలేదు. పట్కారుతో పట్టి కడ్డీని వంచాడు. ఫ్లోటు టాంకీ అడుగుకు తాకినా కడ్డీ కొస మాత్రం అరిగిన చోటుకు రాదు, సగం దగ్గరే ఆగిపోతుంది. ముల్లు పడదు, బండిగలవాడు సంతోషిస్తాడు, టాంకీ ఎండిపోతుంది. కడ్డీ మీద పట్కారు పళ్ల గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి.

మర్నాడు ఆ కడ్డీని అలాగే అడ్డాకు తీసుకెళ్లాను. డ్రైవర్లందరూ ఉన్నారు. మేస్త్రీ హోటలు బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతని ముందు పెట్టాను.

“ఇది ఎందుకు వంకర వోయింది మేస్త్రీ?”

చాయ్ గ్లాసు దించాడు. కడ్డీని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా మొహం చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ ఆనించి, అరటిపండు తొక్క వలిచినంత తేలికగా, దాన్ని సాపు చేశాడు. మళ్లీ బల్ల మీద పెట్టాడు.

“ఏది వంకర? సక్కగనే ఉన్నది గద.”

అడ్డా అంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

“పది లీటర్లు పోసిన్నని చెప్పలేదా నువ్వు?”

“నేను పోసి, పైసలు అడగకుంట ఊకున్ననా?” అని అందరివైపు తిరిగాడు. “మీరే చెప్పుండ్రి. నేను ఊకునేటోన్నా?”

ఊరుకునేవాడు కాదని అందరికీ తెలుసు. అందుకే అందరూ నమ్మారు.

“యాదగిరీ, నువ్వు ఇన్నవ్ గద?” అని అడిగాను.

యాదగిరి పాల గిన్నెలోకి చూస్తూ, “స్టవ్వు సప్పుడుకు నాకేం ఇనబడలేదే” అన్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేస్త్రీ షెడ్డుకు వెళ్లే చాయ్‌లు ఎన్నో నాకు తెలుసు. అతనికీ తెలుసు.

“పెండ్లాం పరీక్షకన్న పెట్రోలే ఎక్కువాయె లెక్కల సారుకు” అన్నాడు మేస్త్రీ, మళ్లీ గ్లాసు ఎత్తుతూ. “ముల్లు సగం మీద ఉండెనంట, బండి ఆగెనంట. సగం టాంకీ.”

ఆ రోజు నుంచి నా పేరు సగం టాంకీ. మా బావమరిది పెళ్లిలో కూడా ఎవరో ఆ పేరుతోనే పిలిచారు. మా అత్తగారి తరఫువాళ్లకు నేను పీనాసితనంతో పెళ్లాం కొలువు పోగొట్టినవాణ్ని. నాకు కావలసింది ఒక్క మాట. మేస్త్రీ కడ్డీ వంచిండు అని, అదే అడ్డా మీద, నా నోటితో కాకుండా, ఇంకెవరి నోటితోనైనా.

అది దొరికేదాకా ఊరుకోదలచుకోలేదు. పాత సామాను కొట్లో పాడైన ఫ్లోటులు కొనుక్కొచ్చి విప్పుకుంటూ, మల్టీమీటరు పట్టుకోవడం నేర్చుకున్నాను. టాంకీ దగ్గర వైరు ఊడదీసి బాడీకి తాకిస్తే ముల్లు ఒక కొసకు పోవాలి, వదిలేస్తే రెండో కొసకు. పోయిందా, ముల్లూ వైరూ మంచివే, రోగం టాంకీలో ఉంది. పోలేదా, టాంకీ జోలికి పోవద్దు. ఈ చిన్న పరీక్ష మేస్త్రీ ఏనాడూ చేయగా నేను చూడలేదు. పట్టీ మార్చాక టాంకీ ఖాళీ చేసి, లీటరు లీటరు కొలిచి పోస్తూ, ముల్లు ఎక్కడ నిలబడుతుందో మీటరు అద్దం మీద సుద్దతో గీసేవాణ్ని.

డ్రైవర్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. “మేస్త్రీకి చెప్పకే” అనేవాళ్లు చెవిలో. చెప్పాల్సిన పని లేకుండా చేశాను. నా షరతు ఒకటే: పని అడ్డా మీదనే, అతని షెడ్డుకు ఎదురుగానే చేస్తాను. వెనక సీటు తీసి రోడ్డు మీద పెట్టేవాణ్ని, అతనికి కనిపించేలా. కొలత డబ్బా పైకెత్తి పోసేవాణ్ని. నాలుగైదేళ్లలో సిద్దిపేటలో పెట్రోలు ముల్లన్నది అతని చేతి నుంచి జారిపోయింది. హారన్లూ లైట్లూ మిగిలాయి అతనికి.

దానికి అతను చేసింది ఏమిటంటే, నేను బాగుచేసిన బండి పక్కన నడుచుకుంటూ వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, గోటితో రెండు దెబ్బలు కొట్టేవాడు. “మంచిగనే లేస్తున్నది, సగం టాంకీ” అనేవాడు. వెళ్తూ వెళ్తూ అద్దం తిప్పుకుని మీసం చూసుకునేవాడు.

ఆఖరిసారి అతను నా బండి ఎక్కాడు. షుగరు వచ్చి కాలు పాడైంది, హైదరాబాదు దవాఖానకు పోవాలి. ఆ పొద్దున అడ్డాలో నా బండి ఒక్కటే ఉంది. తోడు వచ్చిన కొడుకు వెనక కూర్చున్నాడు. మేస్త్రీ నా పక్క సీట్లో కూర్చుని, మీటరు మీదికి వంగి, గోటితో కొట్టాడు.

“సరిగ్గ సూపెడుతున్నదా?”

“సూపెడుతున్నది.”

“ఎవలు చేసిన్రు?”

“నేనే.”

ఊ అన్నాడు. చెయ్యి చాపి అద్దం తనవైపు తిప్పుకున్నాడు. మీసం నెరిసింది. నేను అద్దం సర్దుకోలేదు, పక్క అద్దాలతోనే నడిపాను. ప్రజ్ఞాపూర్ దాటాం. ములుగు దగ్గర, సరిగ్గా ఆ జాగలో, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాను. ముల్లు మెల్లగా సున్నాకు దిగింది.

“ఏమైంది అన్నా?” అన్నాడు కొడుకు.

“ఏం కాలె. టాంకీ నిండ ఉన్నది. మేస్త్రీ, గీ జాగ యాదికి ఉన్నదా నీకు?”

లారీలు పోతున్నాయి. అతను కిటికీలోంచి బయటి మొక్కజొన్న చేలకేసి చూశాడు. దవాఖాన అపాయింట్‌మెంటు ఉందని నాకు తెలుసు. గేటు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. తొందరపడలేదు.

“మక్కలు మంచిగ వడ్డయి ఈ యేడు” అన్నాడు మేస్త్రీ.

అంతే. ఇంజిన్ స్టార్టు చేశాను. ముల్లు లేచింది. దవాఖాన దగ్గర దింపాక అద్దం సర్దుకున్నాను. మళ్లీ అతన్ని చూడటం ఈ ఫ్లెక్సీలోనే.

ఫ్లెక్సీ చూసిన పొద్దున అడ్డా ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాను. నాకన్నా చిన్నవాడు.

“నా ఫోటో తీసెయ్ తమ్మీ. లేకుంటే ఆ మాట తీసెయ్.”

“ఎట్ల తీస్తమే అన్నా, ప్రింటయిపాయె. అందరివి ఏసినం, నీది ఒక్కటి ఏయకుంటే బాగుండదని ఏసినం. అయినా సచ్చినోని మీద కోపమేంది?”

“సచ్చినోని మీద కాదు. నా మొఖం మీద.”

ఇంటికి వెళ్లి బ్లేడు తెచ్చాను. మా ఇంటామె అప్పటికే ఫ్లెక్సీ సంగతి విన్నది. “ఫోటోల మంచిగనే పడ్డవంట గద” అన్నది. తర్వాత బ్లేడు చూసింది. “సక్కగ కొయ్యి” అన్నది.

మిట్ట మధ్యాహ్నం, అందరూ ఉండగా, కోశాను. యాదగిరిని స్టూలు అడిగితే ఇచ్చాడు. గుండ్రంగా రావాలి కదా, నా ఫోటోకు సరిపోయే స్టీలు గ్లాసు కూడా అడిగాను. అదీ కడిగి ఇచ్చాడు. గ్లాసు బోర్లించి పట్టుకుని, అంచు వెంట బ్లేడు తిప్పాను. పక్కవాళ్ల ఫోటోలకు గీత కూడా పడలేదు. నా మొహం జేబులో వేసుకుని దిగాను. ఎవరూ నవ్వలేదు. ఆ చోట ఇప్పుడు గుండ్రటి బొక్క, అందులోంచి వెనకాల అతని షెడ్డు మూసిన షటరు కనిపిస్తుంది.

ఇక్కడ ఒకటి నా లెక్కలోకి రాలేదు. ఫ్లెక్సీలు ఎక్కువ కాలం ఉండవు, గాలి చించేస్తుంది. ఎండాకాలం దుమ్ము గాలి లేచినప్పుడు అడ్డా చుట్టూ ఉన్న పుట్టినరోజు ఫ్లెక్సీలు, నాయకుల ఫ్లెక్సీలు అన్నీ చినిగి, కర్రలకు పీలికలై వేలాడాయి. మేస్త్రీది మాత్రం చినగలేదు. గాలి వచ్చినప్పుడల్లా ఆ బొక్కలోంచి పోతుంది. నేను కోసిన బొక్క వల్లే అతను తెల్ల చొక్కాతో, మీసంతో, ఇంకా నిలబడి ఉన్నాడు.

మొదట నాకు ఒళ్లు మండింది. వెళ్లి నడిమికి చింపేద్దామా అనుకున్నాను. అప్పుడే గజ్వేల్ నుంచి వచ్చిన కొత్త డ్రైవరు ఒకతను చాయ్ తాగుతూ ఫ్లెక్సీకేసి చూసి, యాదగిరిని అడిగాడు.

“గా బొక్కేంది కాకా? ఎవల మొఖం కోసిన్రు?”

యాదగిరి నన్ను చూశాడు. తర్వాత చెయ్యి చాచి స్టవ్వు తగ్గించాడు. దాని చప్పుడు అణిగింది.

“గా బొక్కనా? ఈ అన్న బండిల పెట్రోలు ముల్లు పాడయ్యింది. మేస్త్రీ పట్టీ మార్చకుండ కడ్డీ వంచిండు. పది లీటర్లు పోసిన్నని అబద్ధం చెప్పిండు. నేనీడనే ఉన్న, నా చెవులతోని ఇన్న.”

ఫ్లెక్సీ ఇంకా ఉంది. కట్టిన తాడు ఒకటి వదులైతే మొన్న నేనే బిగించాను. అది ఉన్నన్నాళ్లు ఎవరో ఒకరు ఆ బొక్క సంగతి అడుగుతారు. కొత్త మనిషి ఎవరైనా అటు చూస్తున్నాడంటే నేను ఇంకో చాయ్ చెబుతాను. యాదగిరి స్టవ్వు తగ్గిస్తాడు. ‘కడ్డీ వంచిండు’ అనేదాకా ఉండి, గ్లాసు బల్ల మీద పెట్టి, బండి తీస్తాను.